చిన్నోడి ప్రమాణం

నేను చిత్తూరు టౌనులో పుట్టి పెరిగినదాన్ని. మా నాయన కోర్టులో గుమాస్తా. పెళ్లిచేసి నన్ను పూతలపట్టు అవతల చెరకు పండించే పల్లెకు పంపించే నాటికి రెండో ప్రపంచ యుద్ధం సగంలో ఉంది. కిరసనాయిలు దొరికేది కాదు. కట్టుకోవడానికి మంచి గుడ్డ దొరికేది కాదు. బియ్యం కోసం జనం బారులు తీరి నిలబడేవాళ్లు. అడిగిన చోటల్లా దొరికింది ఒక్క సారాయే.

అంతకు ముందు కొన్నేళ్లు మా జిల్లాలో మద్యనిషేధం ఉండేది. మద్రాసు రాజధానిలో చాలా జిల్లాల కంటే ముందు మాకే వచ్చిందని పెద్దవాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు. యుద్ధం ముదిరాక నిషేధాన్ని పక్కన పెట్టి దుకాణాలు మళ్లీ తెరిచారు. తాగి తాగి చెడినవాళ్లకు అది పాత సంగతి. కానీ నిషేధం రోజుల్లో పిల్లకాయలుగా ఉన్నవాళ్లకు ఈలోగా మీసాలొచ్చాయి. తాగినవాడు ఇంటికి ఎట్లా వస్తాడో, వచ్చి ఏం చేస్తాడో వాళ్లు చూడకుండా పెరిగారు. వాళ్లకు సారా దుకాణం కొత్తగా వచ్చిన తమాషా. సాయంత్రమైతే గుంపుగా బయల్దేరేవాళ్లు. ఆ గుంపును చూస్తే నేను తలుపు వేసుకునేదాన్ని.

మా అత్తగారింట్లో నేను కాక ముగ్గురు. అత్త, మా ఆయన, నా మరిది. మరిదిని ఇంట్లోనూ ఊళ్లోనూ చిన్నోడనే అనేవాళ్లు. పందొమ్మిదేళ్లుంటాయి. మామ నేను రాకముందే పోయాడు. సారా తాగి కడుపు ఉబ్బి పోయాడని ఊరంతటికీ తెలుసు. మా ఇంట్లో మాత్రం కామెర్లని చెప్పేవాళ్లు. నేను మొదట్లో అదే నిజమనుకున్నాను.

చిన్నోడు నన్ను కుదురుగా ఉండనిచ్చేవాడు కాదు. చెరకు గడ పళ్లతో చీల్చడం నాకు చేతకాదని, "మా వదినకు గాజు గలాసులో పోసిస్తేనే రసం దిగుతాది" అని పదిమందిలో ఆట పట్టించేవాడు. నేనూ ఊరుకునే రకం కాదు. "ముందు నీ మీసాలకు నీళ్లు పోసుకో అబ్బా, ఇంకా మొలకెత్తినట్టు లేదు" అనేదాన్ని. మా అత్త అది విని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్క ఏడాదే.

మా పొలంలో ఇనుప గానుగ ఉండేది. నిలువుగా బిగించిన మూడు ఇనుప దిమ్మెలు, వాటి మీద పొడుగాటి మాను. మాను కొసకు ఎద్దుల్ని కడితే అవి చుట్టూ తిరిగే కొద్దీ దిమ్మెలు తిరుగుతాయి. పక్కన పీట మీద ఒకడు కూర్చొని గడలు సందులోకి పెడుతూ ఉండాలి. మాను తల మీదుగా వచ్చే ప్రతిసారీ తల వంచాలి, చేతిపని ఆపకూడదు. గడను కొసదాకా తోస్తే వేళ్లు పోతాయి. ఊళ్లో వేళ్లు పోయినవాళ్లు ఉన్నారు. ఒకాయనకు మణికట్టు కింద చెయ్యే లేదు. వాళ్లెవరూ పని రానివాళ్లు కాదు. చిన్నోడు ఈ పనిలో మహా చురుకు. ఈల వేసుకుంటూ పెట్టేవాడు.

గానుగ ఆడేది చలికాలంలో. మంచు విడవకముందే ఎద్దుల్ని కట్టేవాళ్లు. చల్లటి రసం చేతుల మీద కారి వేళ్లు కొయ్యబారిపోయేవి. అందుకని చెరకు పెట్టేవాడికి పొద్దున్నే ఒక గుక్క సారా పోయడం ఆ ఊళ్లలో ఆనవాయితీ. దాన్ని తాగడం కింద ఎవరూ జమకట్టేవాళ్లు కాదు, చలికి మందు అనేవాళ్లు. నిషేధంతో అది ఆగింది. దుకాణాలు తెరవగానే మొట్టమొదట తిరిగి వచ్చిందీ అదే. మా చిన్నోడికి పోసింది ఎవరో పోకిరీలు కాదు. పక్క పొలాల్లో గానుగ ఆడించే పెద్దమనుషులు, మామ వరస అయ్యేవాళ్లు. మొదట పొద్దున ఒక గుక్క, తరువాత మధ్యాహ్నం ఇంకో గుక్క. ఆ తరువాత వాళ్లు పోసినా పోయకపోయినా చిన్నోడికి దుకాణం దారి తెలిసింది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి రాలేదు. మా అత్త, నేను వెతుక్కుంటూ పోతే చెరకు తోట సందులో ఒళ్లెరగకుండా పడి ఉన్నాడు. చెరకాకు కోసి చెంపల మీద నెత్తురు గీతలు. నేను అరవబోయాను. మా అత్త నా నోరు మూసింది. వంగి అతని భుజం తట్టి, "లెయ్యి నాయనా, ఇంటికి పోదాం" అంది, అన్నం తినడానికి లేపినంత మెల్లగా. ఆ మెల్లదనం చూసి నాకు భయమేసింది. అది ఆమెకు చాలా ఏళ్ల అలవాటని, మామను కూడా అట్లాగే లేపేదని అప్పుడు అర్థమైంది.

ఆ వారంలోనే మా అత్త కాణిపాకం ప్రయాణం కట్టింది.

మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పొలం గట్టు తగాదా అయినా, దొంగతనం నింద అయినా, కాణిపాకం పోయి స్నానం చేసి తడిగుడ్డలతో వినాయకుడి ఎదుట ప్రమాణం చేస్తే అక్కడితో తీరిపోతుంది. అక్కడ అబద్ధమాడినవాడు, అక్కడిచ్చిన మాట తప్పినవాడు శిక్ష అనుభవించి తీరతాడని గట్టి నమ్మకం. "మా కోర్టులో గడగడా అబద్ధాలు సెప్పే సాక్షి గూడా కాణిపాకం మాటెత్తితే నీళ్లు నమలతాడమ్మా" అని మా నాయన నవ్వేవాడు. తాగేవాళ్ల చేత మానిపించడానికీ అక్కడికే తీసుకుపోయేవాళ్లు.

అత్త, చిన్నోడు, నేను ముగ్గురం నడిచే పోయాం. చిన్నోడు ఏట్లో మునిగి లేచి వణుకుతూ వచ్చాడు. సామి ఎదుట నిలబెట్టి మా అత్త ఒక్కో మాటా చెప్పింది, అతను పలికాడు. సారా గానీ, కల్లు గానీ, మత్తెక్కించేది ఇంకేదైనా గానీ ఎన్నటికీ నోట్లో పోసుకోనన్నాడు. అక్కడికి అయిందనుకున్నాను. మా అత్త ఇంకో మాట చేర్చింది. "పోసుకుంటే నువ్వేం చేసినా సరే సామీ. అను." చిన్నోడు ఆగాడు. తల్లి మొహంలోకి చూశాడు. ఆమె కన్ను ఆర్పలేదు. అతను ఆ మాట కూడా అనేశాడు.

తిరిగొచ్చే దారిలో ఆమె బొరుగులు కొని, ఒడిలో పోసుకుని, చిన్నపిల్లవాడికి పెట్టినట్టు కొడుక్కి గుప్పెళ్లతో పెట్టింది. బరువు దిగిపోయినట్టు నడిచింది. నేను మాత్రం వెనకబడి నడిచాను. పందొమ్మిదేళ్లవాడి చేత ఎన్నటికీ అనే మాట అనిపించాం. ఇంటికి వచ్చాక గానుగ దగ్గర ఏమీ మార్చలేదు. అతను కూర్చునే చోటు అదే. తెల్లవారుజామున పక్క పొలం నుంచి సారా చెంబు పట్టుకొచ్చే పెద్దమనుషులు వాళ్లే. అత్తతో ఆ మాటంటే, "ఇంక వాళ్లు పోసినా వాడు తాగడులే మే. సామి ఉండాడు" అంది.

కొన్ని వారాలు తాగలేదు. ఆ తరువాత చిన్నోడి దగ్గర జామాకు వాసన మొదలైంది.

పెరట్లో జామచెట్టు ఉండేది. జామాకు నమిలితే సారా వాసన అణుగుతుందని తాగేవాళ్లందరికీ తెలుసు. పొద్దున చెరకు మోపు దింపడానికి పక్కకు వస్తే జామాకు వాసన. అన్నం పెట్టడానికి వంగితే జామాకు వాసన. నాకు తెలిసింది. అత్తకు తెలియకుండా ఉంటుందా అని కనిపెట్టి చూస్తూ ఉన్నాను. ఒకనాటి పొద్దున ఆమె పెద్ద గుప్పెడు జామాకు తెచ్చి నాకింత, మా ఆయనకింత ఇచ్చింది. "నమలండి. పళ్లకు మంచిది" అంది. తనూ నమిలింది. ఆనాటి నుంచి మా ఇంట్లో అందరి నోళ్లూ ఒకటే వాసన. ఎవరు దేనికి నమిలారో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. పని చేసుకుంటూ ఆమె పొద్దంతా దవడలు ఆడించేది.

మా ఆయనతో తగువు పెట్టుకున్నాను. "చిన్నోడిని గానుగ మీంచి దింపు. నువ్వు కూసో, వాడిని బెల్లం కాచే పెనం దగ్గర పెట్టు" అన్నాను.

"ఎందుకు దింపినావని ఊళ్లో అడగరా?" అన్నాడు.

"తాగినాడని సెప్పు."

మా ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట అనొద్దు మే. కాణిపాకంలో మాట తప్పినోడని తెలిస్తే వాడికి పిల్లనెవరిస్తారు? ఇరుగు పొరుగు పెనం దగ్గరికి రానిస్తారా? వాడి సెయ్యి తగిలితే పాకం ఇరిగిపోతాదంటారు."

"సెయ్యే పోతే?"

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పొలానికి పోయాడు. మంచివాడే మా ఆయన. నోరు తెరవాల్సిన చోట తెరవడం వాళ్ల వంశంలోనే లేదు.

అత్తను అడిగితే ఇంకో జవాబు వచ్చింది. పిడకలు తడుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "సామికి ఎన్నో ప్రమాణాలు మే. ఎవురెవురో వస్తారు, ఏందేందో అంటారు. మనోడి మాట మర్చిపోయింటాడు. మనం నోరు తెరిచి గుర్తు సెయ్యకుంటే సాలు." నేను ఏదో అనబోతే పేడ చెయ్యి ఎత్తి గమ్మునుండమంది. ఆమె కళ్లల్లో వేడుకోలు ఉంది. తిట్టి ఉంటే ఎదురు తిరిగేదాన్ని.

ఇక మిగిలింది చిన్నోడు. పిప్పి ఎండబెట్టే చోట ఒంటరిగా దొరికితే నిలదీశాను. బుకాయిస్తాడనుకున్నాను. చిన్నోడు నవ్వాడు, ఆ నవ్వులో పాత వెటకారం లేదు.

"ఇంక మానేదేముండాది వదినా. ఒకసారి తప్పినానా, సామి శిక్ష రాసి పెట్టేసుంటాడు. ఒక గుక్కకైనా అదే, కడవకైనా అదే. అది ఎప్పుడు పడతాదో, ఏ పక్కనించి వస్తాదో అని పొద్దుకూకులూ సూస్తాండాలంటే తాగకుండా ఎట్లుండేది?"

"మీ అమ్మకు సెప్పు."

"అమ్మకు తెలుసు. అమ్మ సూసీ సూడనట్టుండాది. అమ్మే అట్లుంటే ఇంకెవురికి సెప్పేది?"

నాకు ఏడుపూ కోపమూ ఒకటిగా వచ్చాయి. అతను మానలేక తాగడం లేదు. మానినా లాభం లేదనుకుని తాగుతున్నాడు. కొడుకును కాపాడుకోవడానికని తల్లి వేసిన గడియ అతను తిరిగి లోపలికి రాకుండా పడింది. దాన్ని తీసే మనిషి ఆ ఇంట్లో కనిపించలేదు.

చిన్నోడు ఈల వేయడం మానేశాడు. గానుగ దగ్గర నేను పెనం కింది కొలిమిలోకి పిప్పి తోస్తూ, ఒక కన్ను అతని చేతుల మీదే పెట్టేదాన్ని. మాను వచ్చినప్పుడల్లా తల వంగిందా లేదా అని చూసేదాన్ని. ఆ ఇనుప దిమ్మెల కిర్రుకిర్రు నాకు అన్నం తింటున్నప్పుడు కూడా వినిపించేది.

ఆ రోజు బాగా పొద్దెక్కింది. మా ఆయన పెనం దగ్గర పాకం కలుపుతున్నాడు. అత్త గడలు మోసి చిన్నోడికి అందిస్తోంది. ఒక మనిషి ఎద్దులు తోలుతున్నాడు. చెరకు కొట్టే కూలివాళ్లు పదిమంది దాకా ఉన్నారు. మాను వచ్చింది. చిన్నోడు తల వంచడం ఆలస్యమైంది. మాను తలపాగాను కొట్టి విప్పేసింది. ఆ గుడ్డ కొస దిమ్మెల సందులో పడింది. చూస్తుండగానే గుడ్డంతా లోపలికి పోయి అవతలి పక్కనుంచి చెక్కలాగా చదునై, రసం కారుతూ బయటికి వచ్చింది. కూలివాళ్లు పకపకా నవ్వారు.

చిన్నోడు నవ్వలేదు. ఆ గుడ్డవైపే చూశాడు. ఎద్దులను ఆపమని చెయ్యెత్తాడు. ఎద్దులు ఆగాయి.

"అమ్మా, నేను తాగి ఉండా" అన్నాడు. గొంతు గట్టిగానే ఉంది, అందరికీ వినపడింది. "పొద్దున్నే తాగినా. కాణిపాకం పోయొచ్చినాక గూడా తాగతానే ఉండా. నా సేతులు నా మాట ఇనడంలా. నన్ను దించమ్మా."

మా అత్త రెండు చేతుల నిండా గడలు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మొహంలో నెత్తురు లేదు. ఒకసారి పైకి చూసింది, విన్నాడేమో అన్నట్టు.

"వానికి జరం" అంది. "జరంలో ఏందేందో అంటాండాడు. వాడేం తాగలా. ఎద్దుల్ని తోలప్పా."

అని ఒక గడ తీసి కొడుకు చేతిలో పెట్టింది. అతను పట్టుకున్నాడు. తోలే మనిషి అదిలించాడు. దిమ్మెలు కదిలాయి.

ఆమెకు కొడుకంటే ప్రాణం. ప్రాణం కాబట్టే ఆ మాట అంది. ఇప్పటికీ ఆ మాట నాకు మరుపు రానిది అందుకే.

పిప్పి మోపు అక్కడే పడేసి పరుగెత్తాను. కోడలు పదిమంది మగవాళ్ల మధ్య ఎద్దులకు అడ్డం పోవడం ఏమిటని ఆలోచన కూడా రాలేదు. ముకుతాడు పట్టి గుంజాను. ఎద్దు మోకాళ్ల మీద పడబోయి నిలదొక్కుకుంది.

"వాడు తాగినాడు" అన్నాను. "మాట తప్పినాడు. నేను సూసినా. అత్త సూసింది. ఆయనా సూసినాడు. ఇందరం సూసినాం, సామి ఒకడు సూడకుంటాడా? దిగు చిన్నోడా."

చిన్నోడు దిగాడు. రెండడుగులు వేసి కూలబడ్డాడు. మా ఆయన పెనం వదిలేసి వచ్చి తమ్ముణ్ని భుజాన వేసుకున్నాడు. పాకం మాడి, కమురు వాసన పొలమంతా కమ్మింది. మా అత్త మాత్రం నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. నా చెవి దగ్గర మెల్లగా అంది.

"సామి మర్చిపోయి ఉండినాడు మే. నువ్వు గుర్తు సేసినావు. నా బిడ్డకేమన్నా అయితే అది నీదే."

ఆ పొద్దు నుంచి ఆమె చిన్నోడిని వదిలిపెట్టలేదు. శిక్ష ఎటునుంచి వస్తుందో తెలియదు కాబట్టి అన్ని వైపులా కాపలా కాసింది. బావి దగ్గరికి పోనివ్వదు, పడతాడని. చెరకు తోటలోకి పోనివ్వదు, పాము ఉంటుందని. అన్నం ముందు తాను ఒక ముద్ద తిని చూసి పెట్టేది. మొదటి రోజుల్లో చిన్నోడికి చేతులు వణికేవి, చెమటలు పట్టేవి, తిన్నది తిన్నట్టు కక్కుకునేవాడు. అదే శిక్ష అనుకుని ఆమె వణికిపోయేది. "సారా మానినందుకు అత్తా, తగ్గిపోతాది" అని నేను చెబితే నమ్మేది కాదు. కానీ పక్కన కూర్చున్న తల్లి లేవకుండా ఉంటే పిల్లవాడికి దుకాణం దాకా పోయే సందు ఎక్కడిది? ప్రమాణం చేయించలేని పని ఆ కాపలా చేసింది. అమ్మకు చెప్పేశాననే ధైర్యం కూడా అతనికి చిక్కింది. వారాలు గడిచే కొద్దీ చేతులు కుదుటపడ్డాయి.

ఊళ్లో మాటలు పడ్డాం. అందరికంటే ఎక్కువ అన్నది ఆ సారా పోసిన పెద్దమనుషులే. ఒకాయన మా గడప దగ్గరికి వచ్చి సామి మహిమ గురించి ఉపన్యాసం మొదలుపెడితే నాకు మండింది. "నువ్వు పిల్లోడి నోట్లో పోసేటప్పుడు ఆ సామి యాడికి పోయినాడు మామా?" అన్నాను. తలగుడ్డ సర్దుకుని వెళ్లిపోయాడు. మా ఆయన కూడా ఈసారి నోరు తెరిచాడు. మా గానుగ దగ్గర ఎవరూ సారా పోయకూడదన్నాడు. మరుసటి సీజనులో తెల్లవారుజామున శొంఠి వేసిన వేడి బెల్లం నీళ్లు నేను కాచి ఇస్తే చిన్నోడు బిందెతో మోసుకుపోయి, మా గానుగ దగ్గరే కాదు, చుట్టుపక్కల చెరకు పెట్టే కుర్రవాళ్లందరికీ పోసేవాడు. కొందరు వెక్కిరించారు, కొందరు తాగారు. తాగినవాళ్లతో కాసేపు కూర్చునేవాడు. ఏం మాట్లాడేవాడో నాకు తెలియదు. ఇద్దరు ముగ్గురు తల్లులు మాత్రం నన్ను చూసి చేతులు పట్టుకున్నారు.

నాకు అంతుపట్టనిది ఒకటే. చిన్నోడు కోలుకుంటున్న రోజుల్లోనే మా అత్త ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా ఎక్కడికో పోయి, మధ్యాహ్నానికి తడిచీరతో తిరిగి వచ్చింది. ఆనాటి నుంచి కాపలా మానేసింది. బావి దగ్గరికి పోయినా ఏమీ అనలేదు. నాతో మళ్లీ మునుపటిలా మాట్లాడింది. ఏం జరిగిందని అడిగితే, "ఏం లేదులే" అంది. భయం తీరిన మొహంతో ఉంది. ఆ తీరడం ఎందుకో నాకు నచ్చలేదు.

యుద్ధం అయిపోయింది. నిషేధం మళ్లీ వచ్చింది. ఆ దినాల్లోనే మా అత్త అన్నంలో రాయి ఏరలేకపోవడం, గడప తన్నుకోవడం మొదలైంది. కంట్లో తెల్లగా పొర కనిపించింది. చిత్తూరు ఆసుపత్రికి బస్సులో తీసుకుపోయాం. డాక్టరు చూసి, శుక్లాలు ముదిరాయి, కోసి తీసేస్తే చూపు వస్తుందన్నాడు. మా అత్త లేచి నిలబడింది. "ఒద్దు" అంది. భయపడిందనుకున్నాం. ఇంటికి వచ్చాక నచ్చజెప్పాం. ఏడాది గడిచింది. బాగా దగ్గరైతే తప్ప మనిషి పోలిక తెలియని స్థితికి వచ్చింది. అయినా ఒద్దంది.

ఒకరోజు తల దువ్వుతూ నేను విసుక్కున్నాను. "ఎందుకత్తా ఈ మొండితనం? నీకు సూపు ఒద్దా?"

ఆమె తాపీగా చెప్పింది. "ఆ పొద్దు కాణిపాకం పోయినా మే. ఏట్లో మునిగి సామి కాడ నిలబడినా. పిల్లోడు వాడంతట వాడు ప్రమాణం సెయ్యలా, నేను అనిపిస్తే అన్నాడు, ఆ మాటలు నావి, శిక్ష నాకెయ్యి, వాణ్ని ఒదిలెయ్యి అని మొక్కినా. సామి ఇన్నాడు. కండ్లు తీసుకున్నాడు. నేను పోయి డాక్టరు దగ్గర వాపసు తెచ్చుకుంటే, అది మళ్లీ వాడి మీదికి పోదా?"

అది ముసలితనం వల్ల అందరికీ వచ్చే పొర అని చెప్పాను, కోప్పడ్డాను, ఏడ్చాను. ఆమె నా చెయ్యి నిమిరింది. మొండితనమైతే వాదించి గెలవచ్చు. ఆమె సంతోషంగా ఉంది. దానికి నా దగ్గర మందు లేదు.

చిన్నోడికి చెప్పేశాను. ఆ ఇంట్లో ఇంకొక మాట దాచడం నా వల్ల కాలేదు. అతను పోయి తల్లి కాళ్లు పట్టుకున్నాడు. బతిమాలాడు. "నేను మానేసి ఎన్నాళ్లయింది అమ్మా, నాకేం గాలేదు గదా" అన్నాడు. "నా కండ్లు పోయినాయి గాబట్టి గాలేదు నాయనా" అంది. వారం తరువాత ఒక మధ్యాహ్నం బయటినుంచి వచ్చి ఆమె ముందు ఒక సీసా పెట్టాడు. నిషేధం ఉన్నా, నల్లబెల్లం వండే ఊళ్లో దొంగసారాకు కరువు లేదు. మూత తీశాడు. వాసన ఇల్లంతా వచ్చింది.

"రేపు ఆసుపత్రికి రా" అన్నాడు. "రాకుంటే ఈడనే, నీ ముందరే తాగతా. అప్పుడు నీ కండ్లు ఊరికే పోయినట్టు."

మా అత్త చెయ్యి చాపి తడిమింది. సీసా తగిలింది. దాన్ని పట్టుకుని, మెల్లగా కొడుకు వైపు జరిపింది.

"తాగుకో నాయనా" అంది. "ఇంకా నాకు సెవులుండాయి."

చిన్నోడు సీసా తీసుకుని పెరట్లోకి పోయాడు. దిబ్బ మీద చివరి చుక్క దాకా వంచేసి, అక్కడే కూలబడి ఏడ్చాడు. నేను వాకిట్లో నిలబడి చూశాను. "పారబోసినాడత్తా" అని చెప్పాను. నేను చెప్పింది నిజం. ఆమె నమ్మలేదు. ఇన్నేళ్లు ఇంట్లో మేమందరం ఏది దాచాలన్నా ఆ గొంతుతోనే చెప్పుకున్నాం, ఎట్లా నమ్ముతుంది?

చిన్నోడు ఆ తరువాత ఎన్నడూ ముట్టలేదు. మా అత్త ఇంకా కొన్నేళ్లు బతికింది. ప్రతి పొద్దునా మెలకువ రాగానే మంచం మీదే పడుకుని నన్ను పిలిచేది. "ఏదన్నా పలుకు మే" అనేది. ఏదో ఒకటి అనేదాన్ని. అది వినపడిందని తెలిశాక, రాత్రి కొడుకు తాగలేదని నిశ్చయం చేసుకుని, అప్పుడు మంచం దిగేది.